ట్యాంకులో మిగిలిన నీళ్లు

నా చిన్నప్పుడు మా ఊరికి వచ్చే రైలింజను పొద్దున ముఖం మావైపు పెట్టి వచ్చేది. సాయంత్రం ఆ ముఖం అలాగే ఉంచుకుని వెనక్కి నడుచుకుంటూ పోయేది. పెద్దల దగ్గర సెలవు తీసుకునే మనిషిలా వీపు చూపించకుండా పోయే ఆ ఇంజన్ని చూసి, లోకంలో రైళ్లన్నీ ఇలాగే తిరిగి వెళ్తాయని చాలా కాలం అనుకున్నాను.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రాన్ని ఆనుకున్న ఊరు. ఒకవైపు ఉప్పు కొఠార్లు, ఇంకోవైపు ఇసుక దిబ్బల మీద చేపలు పట్టేవాళ్ల ఇళ్లు. మా నాన్న ఉప్పు కొఠారులో గుమాస్తా. ఉప్పు బస్తాలు మెయిన్ లైనుకు చేర్చడానికి కాలువ మీదుగా ఒక చిన్న లైను వేసి ఉండేది. ఆ లైను మీద ఇంజను నడిపేది మా పెదనాన్న, అంటే మా నాన్నకు అన్న. ఆయనకు భార్య లేదు, పిల్లలు లేరు. మధ్యాహ్నం వ్యాగన్లలోకి బస్తాలు ఎక్కిస్తున్నంతసేపూ మా ఇంటి అరుగు మీద కూర్చుని అన్నం తినేవాడు. నేను పక్కన కూర్చుని ఇంజను సంగతులు అడిగేదాన్ని. ఇంటి సంగతులు అడిగితే ముక్తసరిగా చెప్పే మనిషి, ఇంజను గురించి అడిగితే మాత్రం చేతిలో ముద్ద ఆరిపోయేదాకా చెప్పేవాడు.

ఆ రకం ఇంజన్లు తెల్లవాళ్ల కాలంలో ఓడల్లో ముక్కలుగా వచ్చాయట. రేవులోనే బిగించి, పెద్ద పట్టణం చుట్టూ తిరిగే లోకల్ బళ్లకు కట్టారట. మామూలు ఇంజనుకు బొగ్గూ నీళ్లూ మోసే బండి వెనకాల వేరుగా ఉంటుంది. వీటికి ఆ బండి లేదు. బాయిలరుకు రెండు పక్కలా రెండు పొడుగాటి ఇనప ట్యాంకులు, డ్రైవరు నిలబడే చోటుకు వెనక బొగ్గు తొట్టి. అందుకే వీటిని ట్యాంకు ఇంజన్లు అన్నారు. నడుమ మూడు జతల పెద్ద చక్రాలు, ముందొక జత, వెనకొక జత చిన్న చక్రాలు. ముందుకు ఎంత కుదురుగా నడుస్తుందో వెనక్కీ అంతే. తిప్పి నిలబెట్టాల్సిన పని లేదు. మొదట వచ్చినవాటిలో ట్యాంకులు పొట్టిగా ఉండి నీళ్లు చాలేవి కావట. తర్వాత వచ్చినవాటిలో ముందుకు పొడిగించారు. అప్పుడు డ్రైవరుకు పట్టాలు కనపడక ఇబ్బంది అయితే, ట్యాంకు ముందు కొసను వాలుగా కోసి చేశారు. మా ఊరికి వచ్చేది ఆ వాలు ట్యాంకుల ఇంజనే. పట్టణంలో కరెంటు రైళ్లు వచ్చాక వీటిని తలా ఒక మూలకు, ఉప్పుకూ కంకరకూ పంపించేశారు.

ఒకరోజు నా చెయ్యి పట్టుకుని ట్యాంకు మీద ఆనించి, పైకి జరిపించాడు. ఒకచోట దాకా ఇనుము చల్లగా ఉంది, ఆ పైన ఒక్కసారిగా చుర్రుమంది. "చల్లగా ఉండేకాడికి నీళ్లుండాయి. పైన ఉత్త గాలి," అన్నాడు. నీళ్లు తగ్గిపోతే ఏమవుతుందని అడిగాను. బాయిలరుకు నీళ్లు అందకపోతే పొయ్యికి పైకప్పులో ఉన్న సీసం బిరడా కరిగి, ఆవిరంతా పొయ్యి మీద పడి మంట ఆరిపోతుందట. "ఆడికి అది ఇంజను కాదు. పట్టాల మీద ఇనుం," అన్నాడు.

నాకు పదేళ్లప్పుడు కార్తీక మాసంలో తుఫాను వచ్చింది. ఆ గాలి గురించి, ఆ రాత్రి గురించి నేనిక్కడ రాయను. తెల్లారేసరికి దిబ్బల మీద ఇళ్లు చాలావరకు లేవు. సముద్రం ఊళ్లోకి వచ్చి వెనక్కి పోయింది కానీ దాని ఉప్పు పోలేదు. మేం తాగే నీళ్లు ఇసుకలో తవ్విన చెలమలవి. వాటిల్లో ఉప్పునీళ్లు నిండాయి. బావీ అంతే. రోడ్డు తెగింది. వాన ఆగిపోయి ఎండ కాసింది. మొదటి రోజు పట్టి పెట్టుకున్న వాననీళ్లతో గడిచింది, తర్వాత అవీ లేవు. ఓర్చుకోలేని పిల్లలు దొంగతనంగా చెలమ నీళ్లు తాగారు. వాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి.

మా పక్కింటి అక్కకు మూడేళ్ల కొడుకు. ఆ అక్క భర్త పడవల మీద పోయేవాడు. తుఫానులో ఆయన కాలు విరిగింది. ఇల్లు కూలితే అందరూ వచ్చి మా వసారాలో ఉన్నారు. ఆ పిల్లవాడు నా చంకలోనే పెరిగాడని చెప్పాలి. వాడూ ఆ నీళ్లు తాగాడు.

అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం కాలువ అవతల కూత వినపడింది. మా పెదనాన్న ఒక్క వ్యాగను బియ్యం తగిలించుకుని వచ్చాడు. నానిన కట్ట మీద పెద్ద ఇంజన్లు నడిస్తే దిగబడతాయని, చివర తిప్పుకోవడానికి కూడా చోటు లేదని, ఈ చిన్నదాన్నే పంపారట. తాగడానికి నీళ్లు లేవన్న సంగతి పంపినవాళ్లకు తెలియదు. జనం బియ్యం వైపు చూడలేదు. బిందెలూ కుండలూ పట్టుకుని ఇంజను చుట్టూ చేరారు. మా పెదనాన్న ఆ ముఖాలు చూశాడు. తర్వాత బొగ్గు వేసే ఫైర్‌మన్‌తో ఏదో చెప్పి, ట్యాంకుకు రబ్బరు గొట్టం తగిలించాడు. నీళ్లు వదిలి ఆపే వాల్వు ఇంజను లోపల ఆయన చేతి దగ్గర ఉంది. ఫైర్‌మన్ కింద గొట్టం పట్టుకున్నాడు.

ఏటి నీళ్లు అవి. తుప్పు వాసన, నూనె వాసన. ఆ రుచి ఇప్పటికీ నా నాలుకకు తెలుసు.

ఇంటికొక బిందె అన్నారు. మా అమ్మ పట్టుకుంది. నేను ట్యాంకు పక్కన కట్ట మీద నిలబడి, అలవాటుగా ఇనుము మీద చెయ్యి ఆనించాను. చల్లదనం నెమ్మదిగా కిందికి దిగుతోంది. నా తల ఎత్తు నుంచి భుజం దాకా, భుజం నుంచి ఇంకాస్త కిందికి. అప్పుడు గొట్టంలో ధార సన్నబడింది. దారమంత అయింది. చుక్కలైంది. ఆగిపోయింది.

"అయిపోయినాయమ్మా," అన్నాడు పెదనాన్న లోపలి నుంచి. "రేప్పొద్దున మళ్లా తెస్తా. నీళ్ల బండ్లే తెస్తా."

ఒక ముసలాయన అడిగాడు, "నీళ్లు లేకుండా నువ్వెట్టా పోతావయ్యా మరి?"

"బాయిలర్లో ఉండేదాంతో పోతాలే పెద్దాయనా."

అది అబద్ధమని నాకు తెలుసు. నా అరచెయ్యి కింద ఇనుము చల్లగా ఉంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి అక్క పరిగెత్తుకుంటూ వచ్చింది. పిల్లవాడికి వాంతులవుతుంటే ఒళ్లో నుంచి దించలేక ఆలస్యమైంది. బిందె తుఫానులో కొట్టుకుపోయింది, చేతిలో చెంబు మాత్రం ఉంది. ఆ చెంబు గొట్టం కింద పెట్టి ఫైర్‌మన్ వైపు చూసింది. అతను గొట్టం ఎత్తి దులిపాడు. ఒకటో రెండో చుక్కలు పడ్డాయి. నేను తలెత్తి పెదనాన్నను చూశాను. ఆయన నన్ను చూశాడు, ట్యాంకు మీద ఉన్న నా చేతినీ చూశాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసిపోయింది. ఆయన సైగ ఏమీ చెయ్యలేదు. నేనే చెయ్యి తీసేసుకున్నాను.

ఇంజను ఎప్పటిలాగే ముఖం మావైపు పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది.

మా బిందెలో నీళ్లు మా అమ్మ సగం ఆ అక్కకు పోసింది. ఇంకొందరు తలా ఇంత పోశారు. పిల్లవాడికి పట్టించినవి పట్టించినట్టే బయటికి వచ్చేశాయి. మిగిలినవాళ్ల దాహాలూ ఉన్నాయి. పొద్దుగూకే వేళకే అందరి బిందెలూ బోర్లించేశారు. తెల్లవారుతుండగా వాడు తల్లి ఒళ్లో కళ్లు తేలేశాడు.

మేం ఏడుస్తుండగానే కూత వినపడింది. మాట తప్పకుండా నీళ్ల వ్యాగన్లతో వచ్చాడు మా పెదనాన్న. కూడా ఒక కంపౌండరు మందుల పెట్టెతో వచ్చాడు. ఆ రోజు ఆ ఇంజను సాయంత్రం దాకా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. వాంతులు పట్టుకున్న మిగతా పిల్లలు బతికారు. ముందురోజు ట్యాంకు అడుగంటా ఇచ్చేసి ఉంటే ఇంజను కాలువ కట్ట మీదే చచ్చిపడేది, దారి మూసుకుపోయేది, ఇంకెన్ని రోజులకు నీళ్లు వచ్చేవో. ఈ లెక్క నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఆ పొద్దున మాత్రం నాకు తెలిసింది ఒక్కటే. నీళ్లు ఉన్నాయి, వాడు పోయాడు.

అక్క వసారాలో గోడకు తల కొట్టుకుంటోంది. "నేనే చంపుకున్నా నా బిడ్డని. అందరికన్నా ఎనకాల పోయినా. కొంచెం ముందు పోయుంటే నాకూ దొరికుండేవి," అంటోంది. ఆడవాళ్లు పట్టుకుని, నీ తప్పేముందే తల్లీ అంటున్నారు. ఆ మాట ఆమె చెవికి ఎక్కడం లేదు.

పిల్లవాడి విషయం విని మా పెదనాన్న ఇంజను దగ్గర నుంచి నేరుగా వచ్చాడు. ముఖమంతా మసి. వాకిట్లో నిలబడిపోయాడు. ఎవరో చాప వేశారు, కూర్చోలేదు. ఆ అక్క అదే మాట మళ్లీ మళ్లీ అంటుంటే కాసేపు విన్నాడు. తర్వాత దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, నువ్వు ఎనక వచ్చినందుకు కాదు నీకు దొరకంది. నువ్వు చెంబు పెట్టినప్పుడు ట్యాంకులో నీళ్లుండాయి. అయిపోలా. నేనే కట్టేసినా."

అక్క తలెత్తి చూసింది. "ఉండాయా?" అంది, చిన్నపిల్ల అడిగినట్టు.

"ఉండాయి. ఇంజను తిరిగి పోవాలని దాచిపెట్టినా. అయిపోయినాయని చెప్పింది అబద్ధం."

ఆమె లేచి వచ్చి ఆయన చొక్కా పట్టుకుంది. రెండు చేతులతో గుండెల మీద కొట్టింది. నోటికి వచ్చినట్టు తిట్టింది, నీ వంశం నాశనమైపోను అంది. అడ్డం రాబోయిన మా నాన్నను పెదనాన్న చేత్తోనే ఆపాడు. ఆమె కొట్టి కొట్టి ఆయన కాళ్ల దగ్గరే కూలబడేదాకా అలాగే నిలబడ్డాడు. అప్పటి నుంచి ఆమె గోడకు తల కొట్టుకోలేదు. ఆ మాట, నేనే చంపుకున్నానన్న మాట, మళ్లీ ఆమె నోట నేను వినలేదు.

మా అమ్మ ఆయన్ని పెరట్లోకి పిలిచి, కళ్లు తుడుచుకుంటూనే కోప్పడింది. "ఎవురికీ తెలవదు కదా బావా. ఎందుకు చెప్పినావు? ఊరంతా నిన్ను తిట్టిపోస్తారు."

"ఆయమ్మ తన్నే కొట్టుకుంటా ఉండాది," అన్నాడాయన. "నన్ను కొట్టమని చెప్పినా, అంతే."

నేను ఆయన వెంట కట్ట దాకా నడిచాను. నాకు ఏడుపు ఆగడం లేదు. ఒక్క చెంబు ఇచ్చి ఉంటే ఏమయ్యేది పెదనాయనా అని అడిగాను.

"ఏం కాదు బిడ్డా. ఒక్క చెంబుకు ఇంజను ఆగదు. ఆయమ్మకిచ్చి పక్కన ఉండే ఇంకోతల్లికి లేదంటానా? ఆ చెంబు యాడ ఆపాల్నో నాకు తెలవలా." ఆగి, "ఇచ్చుండచ్చు," అన్నాడు.

ఆ పిల్లవాడు నీళ్లు తాగినా దక్కేవాడు కాదని కంపౌండరు ఆ రోజే మా నాన్నతో అన్నాడట. మా పెదనాన్న చెవిన కూడా పడింది. ఆ మాట ఆయన ఎవరి దగ్గరా ఎత్తలేదు, ఆ అక్క దగ్గర అసలే ఎత్తలేదు.

ఊళ్లో కొందరు ఆయన్ని అర్థం చేసుకున్నారు, కొందరు చేసుకోలేదు. ఉప్పు బస్తాలు మోసే ఒకతను చాలా ఏళ్లపాటు ఆయనతో మాట్లాడలేదు. అక్క అయితే ఆయన వస్తున్న వేళకు మా అరుగు వైపు రావడమే మానేసింది. ఆయనా ఆ వేళల్లో తలుపు దగ్గరగా జరిగి, బయటికి కనపడకుండా కూర్చుని తినేవాడు. ఇంజను సంగతులు నేనడగలేదు, ఆయన చెప్పలేదు. కొన్నాళ్లకు లారీలు వచ్చి ఉప్పు లైను మూతపడింది. ఆ రకం ఇంజన్లను ఒక్కొక్కటే పాత ఇనుము కింద అమ్మేశారని విన్నాం. మాదీ పోయింది. దాని ఆఖరి ప్రయాణం చూడ్డానికి ఆయన వెళ్లలేదు.

ఆయన పోయినప్పుడు శవాన్ని దిబ్బల దారిలో తీసుకెళ్తుంటే, పక్కింటి అక్క దారి పక్కన నిలబడి ఉంది. అప్పటికి ఆమెకు ఇంకో ఇద్దరు పిల్లలు. ఏడవలేదు, దండం పెట్టలేదు. పాడె దాటిపోయేదాకా నిలబడి ఇంటికి వెళ్లిపోయింది. ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు. అడిగే ధైర్యం రాలేదు.

నేను తర్వాత నర్సునై, ముప్పై ఏళ్లకు పైగా సర్కారు ఆస్పత్రుల్లో పనిచేశాను. మంచాలు తక్కువ, రోగులు ఎక్కువ అయిన చోట ఒకరికి ఇచ్చింది ఇంకొకరికి లేదనక తప్పదు. ఆలస్యంగా తీసుకొచ్చాం, మా వల్లే పోయింది అని గుండెలు బాదుకునే తల్లులను ఎంతమందినో చూశాను. అలాంటప్పుడు నీ తప్పేమీ లేదమ్మా అని భుజం తట్టి పక్కకు తప్పుకోవడం సులువు. నాకది చేతకాలేదు. అందులో మా వాటా ఎంతుందో ముందు చూసుకునేదాన్ని. ఉంటే, వెళ్లి ఆ తల్లి ముందు నిలబడి చెప్పేదాన్ని. ఒకామె నా చెంప పగలగొట్టింది. తోటి నర్సులు పరిగెత్తుకొచ్చారు. నేను వాళ్లను ఆగమని, ఆమె కొట్టడం అయిపోయేదాకా అక్కడే ఉన్నాను.