మంజీరలో సగమే కలిసిన పటం

నేను కాపురానికి వచ్చేనాటికి బాన్సువాడ చుట్టుపక్కల నిజాంసాగర్ కాలువ పారడం మొదలై కొన్నేళ్లే అయింది. ఆ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి పొలాలు కొన్న కుటుంబం మా అత్తవారిది. మా మాట ఇక్కడివాళ్లకు వింత, వాళ్ల మాట మాకు వింత. మా అత్తగారికి ఈ ఊళ్లో ఏదీ నచ్చేది కాదు. నాకు మాత్రం ఒకటి పిచ్చిగా నచ్చింది. అది సాలెవాళ్ల వాడలో ఏడాదికోసారి విప్పే పటం.

ఇల్లంత పొడవు గుడ్డ. ఎర్రటి రంగు మీద వరసలు వరసలుగా బొమ్మలు. నేతవాళ్ల కులకథంతా దాని మీద ఉండేది. సాలెవాళ్లకు ఆ కథ చెప్పే ముసలాయన ఒకడు దాన్ని గుంజలకు కట్టి, కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో బొమ్మనూ బెత్తంతో చూపిస్తూ మూడు రోజులు పాడేవాడు. ఆయన భార్య తాళం వేస్తూ వంత పాడేది. మా ఇళ్ల ఆడవాళ్లు ఆ వాడకు వెళ్లకూడదన్నారు. నేను మొండిదాన్ని, వెళ్లేదాన్ని. నా కళ్లు ఒక బొమ్మ మీదే ఉండేవి: మగ్గం ముందు ఒక ఆడమనిషి, భుజం మీద చిలక, మనల్నే చూస్తున్నట్టు పెద్ద కళ్లు. ఆ చీర అంచు గీసిన చెయ్యి ఎవరిదో గాని, దానికి దణ్ణం పెట్టాలనిపించేది. ముసలాయన నన్ను చూడగానే "ఆంధ్ర బిడ్డ అచ్చింది, జర తొవ్వియ్యుండ్రి" అని జనాన్ని జరిపించేవాడు. నేను పొంగిపోయేదాన్ని.

ఏళ్లు గడిచేసరికి పటం చివికిపోయింది. తూర్పున ఎక్కడో ఉన్న నకాషీవాళ్లకు, పటాల మీద బొమ్మలు వేసేవాళ్లకు, కొత్తది రాయమని చెప్పారు. పాతదాన్ని మంజీర నదిలో కలపాలి. సాలెవాళ్లకు ముసలైపోయిన పటం చనిపోయిన మనిషితో సమానం. పసుపు కుంకుమలు పెట్టి, పాడె కట్టి మోసుకెళ్లి, నీళ్లలో విడిచి, తలస్నానాలు చేసి ఇళ్లకు వెళ్తారు. నన్నూ రమ్మన్నారు.

నిజంగానే ఏడ్చారు. నేనూ ఏడ్చాను, కాని నా ఏడుపు వేరు. మా పుట్టింట్లో పట్టుచీర చిరిగినా అంచు కత్తిరించి పెట్టెలో దాచుకుంటాం. ఇంత పనితనం నీళ్లపాలా అనుకున్నాను. అందరూ స్నానాలకు ఎగువకు వెళ్లారు. దిగువన గుడ్డ కొస ఒకటి రాళ్లకు చిక్కుకుని కనిపించింది. నా మగ్గం బొమ్మే! లాగితే చిరిగి చేతికొచ్చింది. పిండి, కొంగులో దాచుకుని ఇంటికొచ్చాను. ప్రాణం కాపాడినంత సంబరపడ్డాను.

కొత్త పటం వచ్చాక ముసలాయన మూట భుజాన వేసుకుని మా ఇంటికొచ్చాడు. "ఇంకా ఎవ్వలకు సూపియ్యలే. ముందుగాల నీకే" అన్నాడు. ఆయన్ని సంతోషపెడదామని నేను పెట్టెలోంచి ఆ ముక్క తెచ్చి చూపించాను. మూట ముడి విప్పబోతున్నవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సగమే సాగనంపినమా బిడ్డా?" అన్నాడు. "ఇటియ్యి. గది పోకుంటే గీ కొత్తదానికి పానం రాదు. నేను దీన్ని ఇప్పరాదు" అని చెయ్యి చాపాడు.

"నీళ్లలో పారేస్తే ఎవరికి లాభం తాతా? నా దగ్గరుంటే పది కాలాలు ఉంటుంది."

"దాసుకునేటిది గాదు బిడ్డా. బతికినన్ని దినాలు బతికింది. ఇగ పోనియ్యాలె."

బతిమాలాడు. నేను ఇవ్వలేదు. విప్పని మూట అలాగే భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఏడు ఆయన కథ చెప్పలేదు. మరుసటి ఏడూ చెప్పలేదు. సాలెవాళ్లు అడిగితే గొంతు పోయిందన్నాడట. నా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నలుగురిలో తిట్లు తిని ఇచ్చేసేదాన్నేమో. ఇవాళా రేపూ అనుకుంటూ రెండేళ్లు గడిపాను. మూడో ఏడు వానలకు ముందు జ్వరం వచ్చి ఆయన పోయాడు. కొత్త పటం ముందు ఒక్క పాటైనా పాడకుండానే పోయాడు. అది నా పాపమే. ఎవరు కాదన్నా ఒప్పుకోను.

దినాలు అయ్యాక ఆ ముక్క పట్టుకుని ఆయన భార్య దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. తిట్టిపోస్తుందనుకున్నాను. "పా" అని లేచింది. ఇద్దరం మంజీరకు నడిచాం. ముక్కను చేతికివ్వబోతే తీసుకోలేదు.

"నువ్వే ఇడువాలె. గీ బొమ్మల ఆమె ఎవలో, ఏం జేసిందో ఒక్క మాట జెప్పి ఇడువు. ఉత్తగ పంపొద్దు."

మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాను. చిలక రెక్కలో ఎన్ని గీతలున్నాయో నాకు తెలుసు. చీర అంచు ఎలా మలుపు తిరిగిందో కళ్లు మూసుకుని చెప్పగలను. కాని ఆమె కథ? అన్నేళ్లు ఆయన పాడుతుంటే నేను బొమ్మను చూస్తూ నిలబడ్డాను. కథ ఒక్కసారీ వినలేదు.

"ఆమె ఎవరో నాకు తెలియదవ్వా" అన్నాను.

అవ్వ నా మొహంలోకి చూసింది.

"నువ్వు అచ్చినవంటే గా బొమ్మకాడనే ఆగేటోడు బిడ్డా. నీకు సమజ్ గావాలెనని రెండుసార్లు జెప్పేటోడు."