నాకిన బంక

నేను పనిచేసే విరుదునగర్ మిల్లులో, నేతగుడ్డకున్న గంజి వదలాలని తొట్టిలో అమైలేజ్ అనే మందు పోస్తారు. "ఇది మన ఉమ్మిలోనూ ఉందమ్మా, గంజిని నీళ్ళు చేసేస్తుంది," అన్నాడు సూపర్‌వైజర్. ఆ పులిసిన వాసనకి కోవిల్‌పట్టి ఇల్లు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు అక్కడ అగ్గిపెట్టెలకి చీటీలు అంటించేవాళ్ళం. అమ్మ కాచిన మైదా బంకని ఆకలికి నాకి, అదే వేలు మళ్ళీ ముంచేదాన్ని. ఒకసారి బంక పలచనై చీటీలన్నీ ఊడిపోయాయి.

"నీళ్ళు పోస్తివా?" అంటూ, మాకు పనిచ్చే ఏజెంటు పెట్టెలు విసిరేశాడు.

"ఒక్క చుక్కా పోయలేదయ్యా!" అంది అమ్మ.

నేనూ అమ్మని నమ్మలేదు. "పోసింది," అన్నాను.

నిన్న ఫోన్లో అమ్మకి, నేను నాకడం వల్లే బంక పలచనైందని చెప్పాను.

"అంత ఆకలైతే అడగకూడదా పాపా?" అంది.

రోజూ అడిగేదాన్ని. "ఆ పిండి ఏజెంటుది, ముట్టొద్దు," అని అమ్మే అనేది.