గుంత మీద స్టేషను

మొన్న మా కారు షెడ్డులో నేల మీద ఒక పెద్ద వంపు గీయాల్సి వచ్చింది. బొమ్మ రైలుకు పట్టాలు ఎట్లా తిప్పాలో ముందు నేల మీద గీసుకుని, ఆ గీత వెంబడే పరచాలని నా ఆలోచన. సుద్దముక్క ఉంది, మేకు ఉంది. ముప్పై ఏళ్లకు పైగా లెక్కల పంతులుగా బతికినవాణ్ని కాబట్టి వృత్తం గీసే విద్యకూ లోటు లేదు. లేనిదల్లా దారం. అటక మీద పాత కొయ్యల కట్ట ఒకటి ఉంటే, దానికి చుట్టిన తాడు విప్పుకుందామని కుర్చీ ఎక్కాను. చేతికి వచ్చింది తాడు కాదు, పది పోగులు కలిపి పురిపెట్టిన ఆకుపచ్చ నూలు. గంజి ఇంకా వేళ్లకు గరగరా తగులుతోంది. "పడతావేమో, దిగు! ఈ వయసులో రైలుబండాట ఏంది, ఇంట్లో బియ్యం డబ్బా పెట్టేదానికి జాగా లేదు గానీ" అని మా ఆవిడ గుమ్మంలోంచి కేకేసింది. నేను దిగలేదు. ఆ నూలు ఎక్కడిదో, దాన్ని కోసిన చెయ్యి ఎవరిదో గుర్తొచ్చి కుర్చీ మీదే నిలబడిపోయాను.

ముందు ఈ రైలు పిచ్చి సంగతి చెప్పాలి. మాది ఎమ్మిగనూరు. మా ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే బస్సు పట్టుకుని ఆదోనికైనా పోవాలి, మంత్రాలయం రోడ్డుకైనా పోవాలి. రైలు ఉన్న ఊళ్లో పుట్టినవాళ్లకు దాని మీద మోజు ఉండదు. కూత వినపడితే టీవీ శబ్దం పెంచుకుంటారు. మాకు అట్లా కాదు. రిటైరైన తర్వాత ఫోన్లో ఎవరో తన ఇంటి షెడ్డులో బొమ్మ రైలు తిప్పుతున్న వీడియో చూశాను. అంతే, నిద్ర పట్టలేదు. చూపు మందగించి కారు అమ్మేశాక షెడ్డు ఖాళీగానే ఉంది. ఒక ఇంజను, నాలుగు పెట్టెలు తెప్పించాను. ఒక గోడ వెంట ఆదోని, ఎదురుగా కోసిగి, ఆ మూల మంత్రాలయం రోడ్డు, అది దాటగానే తుంగభద్ర మీద వంతెన. మధ్యలో ఒక పాయ తీసి, ఎన్నికలప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాని మా ఊరి స్టేషను కూడా నేనే కట్టించేద్దామనుకున్నాను. ప్రారంభోత్సవానికి కొబ్బరికాయ మా ఆవిడ చేత కొట్టించాలని కూడా అనుకున్నాను.

నిజానికి ఆ పిచ్చి నాకు అంటించింది మా అన్న. నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. మా నాయన పోయిన నాటి నుంచి మగ్గంలో కూర్చుని నన్ను చదివించాడు. నూలు పని మీద ఆదోనికి పోయినప్పుడల్లా నన్నూ వెంట తీసుకుపోయి, పని అయ్యాక స్టేషనుకు పోయేవాడు. దూదిబేళ్లు ఎక్కించే గూడ్సు బండిని చూస్తూ మిరపకాయ బజ్జీలు తినేవాళ్లం. ఏ బండి ఎన్ని గంటలకు వస్తుందో, ఎంత ఆలస్యంగా వస్తుందో ఆయనకు నోటికి వచ్చు. పంతులు ఉద్యోగం పరీక్ష రాసి నేను గుంతకల్లు నుంచి తిరిగి వచ్చిన రోజు బండి ఐదు గంటలు ఆలస్యం. నా కోసం పొద్దున్నే వచ్చిన మనిషి ఎండలో ఆదోని ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. నేను దిగగానే పరీక్ష ఎట్లా రాశావని అడగలేదు. "తిన్నావా?" అన్నాడు.

ఇప్పుడు కారు షెడ్డని నేను అంటున్నది ఆ అన్న మగ్గం గది. అది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి, అంచున కూర్చుని నేసేవాడు. మగ్గమంటే చెక్క, తాడు అని చాలామంది అనుకుంటారు. నేసేవాడికి మగ్గమంటే పడుగు, అంటే నిలువునా సాగే పోగులు. ఒక పడుగు అయిపోతోందంటే దాన్ని పూర్తిగా తీసెయ్యరు. పోగులు దూర్చే దువ్వెనలాంటి అచ్చులో జానెడు కొన వదిలిపెట్టి, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగునూ ఆ కొనలోని ఒక్కొక్క పోగుకు అతుకుతారు. వేల పోగులు. బూడిద అంటించుకున్న రెండు వేళ్లతో మెలిపెట్టుకుంటూ పోవడమే. మా ఇంట్లో ఆ అచ్చు ఎన్నడూ ఖాళీ కాలేదు. మా నాయన చివరి పడుగు కొనకు మా అన్న తన మొదటి పడుగు అతికాడు. దానికి రెండోది, దానికి మూడోది, అట్లా నలభై ఏళ్లు. నేనూ ఆ ఇంట్లోనే పుట్టాను, అంతా చూస్తూనే పెరిగాను. చూడటం వేరు, పట్టించుకోవడం వేరు.

ఎనిమిదేళ్ల కిందట నేను కారు కొన్నాను. వీధిలో పెడితే ఎవరో ఒకరు గీకి పోతున్నారు. మగ్గం గదికి షట్టరు పెడితే సరిగ్గా సరిపోతుందని తోచింది. అన్నకు కళ్లు తగ్గాయి, నెలకు రెండు చీరలు నేయడమే గగనం, ఇంకా ఎందుకు ఈ చాకిరీ అని నాకు నేనే న్యాయం చెప్పుకున్నాను. అన్నకు మాత్రం చెప్పలేదు. ఆదోనిలో ఉన్న తన కొడుకు బిడ్డకు పేరు పెడుతున్నారని ఆయన పది రోజులకు పోయాడు. ఆ పది రోజులనే నేను ఎంచుకున్నాను. ఆయన ఎదుట చేసే మొహం నాకు లేదు. అదేదో అనుకోకుండా జరిగినట్టు ఇన్నేళ్లూ చుట్టాలకు చెబుతూ వచ్చాను.

మగ్గం మీద ఆకుపచ్చ పడుగు ఉంది, ఇంకో రెండు చీరలకు వస్తుంది. గుంత పూడ్చడానికి వచ్చిన మేస్త్రీ గడప దగ్గరే ఆగిపోయాడు. "సార్, నూలు మీద కత్తెర నేను పెట్టను. మా ఇంట్లోగూడా మగ్గముండె. మీరే కోయండి" అన్నాడు. నేనే కోశాను. కోసి ఊరుకోలేదు. పంతులు బుద్ధి కదా, ఏ పని చేసినా శుభ్రంగా చేయాలి! అచ్చులో ఇరుక్కున్న పోగులన్నీ ఒక్కొక్కటీ లాగేసి, బ్రష్షుతో తుడిచి, పేపరులో చుట్టి పెట్టాను. లాగిన పోగులను పురిపెట్టి, వాటితోనే మగ్గం కొయ్యలన్నీ కట్ట కట్టాను. ఏ వస్తువూ పారెయ్యలేదని నాకు లోలోపల గర్వం కూడా.

అన్న బస్సు దిగి, చేతిలో మిఠాయి పొట్లంతో వచ్చి, కొత్త షట్టరు ముందు నిలబడ్డాడు. లోపలికి వచ్చి పేపరు విప్పి అచ్చును వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు. దువ్వెన పళ్ల సందుల్లాగా అన్నీ ఖాళీ.

"కొన పెట్టలేదా అప్పా?" అన్నాడు.

"శుభ్రంగా తుడిచి పెట్టినాన్నా" అన్నాను.

నా జీవితంలో నేను చెప్పిన జవాబులన్నింటిలోకీ సిగ్గుమాలిన జవాబు అదే. మిఠాయి పొట్లం నా చేతిలో పెట్టి, మరుసటి వారం "కొడుకు దగ్గరే ఉంటాలే" అని ఆదోనికి పోయాడు. పండగలకు వస్తాడు, పెళ్లిళ్లలో పక్కన కూర్చుంటాడు, నవ్వుతాడు. షెడ్డులోకి మాత్రం మళ్లీ కాలు పెట్టలేదు. నేనూ రమ్మనలేదు.

మొన్న చివరికి కుర్చీ దిగి, మేకు కొట్టి, ఆ ఆకుపచ్చ నూలుతోనే వంపు సగం గీశాను. పిచ్చివాణ్ని, దానితో గీయకూడదని తెలిసే గీశాను. మా ఊరి స్టేషను వచ్చి సరిగ్గా పాత గుంత మీద పడింది. నేలంతా ఒక రంగు, అక్కడ సిమెంటు ఇంకో రంగు. నాలుగు పట్టా ముక్కలు పరిచి ఒక పెట్టెను వదిలి చూద్దును కదా, అది ఎవరూ తొయ్యకుండానే మెల్లగా దొర్లుకుంటూ గుంత మధ్యకు పోయి ఆగింది. ఎత్తి అవతల పెట్టాను. మళ్లీ అక్కడికే వచ్చింది. మూడోసారి పెట్టే ధైర్యం లేక ఆదోనికి ఫోను చేశాను. "స్టేషను యాడ మొదలుపెట్టాల్నో తెలీడం లేదన్నా, వచ్చి చెప్పు" అన్నాను. "పదిన్నర బస్సుకొస్తా" అన్నాడు.

పదిన్నర బస్సుకే వచ్చాడు. ఈలోపల నేను ఆ నూలు చుట్టిపెట్టి ఇంజను అట్టపెట్టె కింద దాచాను, పరీక్షలో చీటీ దాచుకునే పిల్లాడికి కూడా అంత కంగారు ఉండదు. అన్న గడప దగ్గర చెప్పులు విడిచాడు. కారు పెట్టుకునే చోట ఎవరూ చెప్పులు విడవరు. చుట్టూ చూసి, నేల మీది గీతలు చూసి, "గూడ్సు లైను ఈ పక్కకు రాదప్పా, ఆ పక్కకు" అని మొదటి తప్పు పట్టాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. తర్వాత ఇంజను చూద్దామని అట్టపెట్టె ఎత్తాడు.

నూలును వేళ్ల మధ్య పెట్టి ఒకసారి నలిపాడు. చూడనక్కర లేకపోయింది.

"ఇది మన పడుగుదే."

"అవున్నా. నేనే కోసినా. నువ్వు ఊర్లో లేనప్పుడు కావాలనే కోసినా. కొన పెట్టాలని గూడా తెలీకపాయె. తప్పు చేసినాన్నా" అన్నాను.

ఆయన గుంత ఉన్నచోటే కూర్చున్నాడు. నేను మేకుకు కట్టేటప్పుడు వేసిన ముడులన్నీ గోటితో ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టాడు. ముడి చూస్తే ఊరుకోలేని చేతులవి. విప్పుతూనే అన్నాడు. "తెల్సులేప్పా. ఎప్పుడు సెప్తావో అని చూస్తాంటి."

మా ఆవిడ టీ తెచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసులు గోడ వారన పెట్టి పోయింది. ముడులన్నీ అయ్యాక ఆయన నూలు కొనను మేకు దగ్గర బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. "కట్టొద్దు. నేను పట్టుకుంటా, నువ్వు గీయి" అన్నాడు. నేను మోకాళ్ల మీద వంగి సుద్దముక్కతో మిగిలిన సగం వంపు గీశాను. "మట్టి తడిపి తొక్కించకుండా పోసినారు, అందుకే కుంగింది. స్టేషను ఈడే పెట్టు, బండి ఎట్లాగూ ఈడే నిలుస్తాది" అన్నాడు, ఏదో మేస్త్రీ పని గురించి మాత్రమే చెబుతున్నట్టుగా.

సాయంత్రం బస్సెక్కేటప్పుడు ఆ నూలు అడిగి తీసుకున్నాడు. వేళ్లకు చుట్టుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఏం చేస్తావని నేను అడగలేదు. దేనికీ అతకడానికి ఇప్పుడు అది పనికిరాదని నాకు తెలుసు, నాకంటే ఆయనకు బాగా తెలుసు.

షెడ్డులో పట్టాలు ఇంకా పరచలేదు. నేల తుడవొద్దని మా ఆవిడకు చెప్పాను. ఆ రోజు ఆదోనిలో బండి ఐదు గంటలు ఆలస్యమైతే అందులో నా తప్పేమీ లేదు. ఈసారి ఎనిమిదేళ్లు ఆలస్యం చేసింది నేనే. అయినా దిగి చూస్తే, ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.