డచ్చి బొమ్మలో నల్లకోటు ఆవిడ

గ్లాస్గోలో ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, అరచేతంత బొమ్మ ముందు నిలబడి నేను పోగొట్టుకున్న పరువు గురించి చెబుతాను. పెళ్ళికాని కుర్రాళ్ళు కాస్త జాగ్రత్తగా చదవండి.

కాకినాడలో ఉన్న మావాళ్ళు నాకొక సంబంధం చూశారు. అమ్మాయి స్రవంతి, వరంగల్ వాళ్ళు, నార్తాంప్టన్‌లో ఫిజియోథెరపిస్టు. ఏదో ట్రైనింగ్ కోసం గ్లాస్గో వస్తూ మెసేజ్ పెట్టింది: "శనివారం మ్యూజియంల కలుద్దామా? డచ్చివాళ్ళ పాత పల్లెటూరి బొమ్మలు పెట్టిన్రట."

నాకు బొమ్మలంటే క్యాలెండర్ల మీదవే తెలుసు. అయినా ఊరుకుంటానా? "డచ్చి బొమ్మలంటే నాకు ప్రాణమండీ. మా కాకినాడ జగన్నాథపురంలో ఒకప్పుడు డచ్చివాళ్ళే ఉండేవారు" అని జవాబిచ్చాను, వాళ్ళు వెళ్తూ వెళ్తూ మా ముత్తాత చేతిలో కుంచె పెట్టి వెళ్ళినట్టు.

కాగితం పాడవకూడదని ఆ గదిలో వెలుతురు బాగా తగ్గించారు. గోడల మీద సిరాతో గీసిన చిన్న చిన్న బొమ్మలు: కాలువ, పూరిల్లు, మేస్తున్న ఆవు. స్రవంతి ఒక్కో బొమ్మ దగ్గర అయిదేసి నిమిషాలు మాట్లాడకుండా నిలబడుతోంది. నాకేమో ఇంటర్వ్యూలో జవాబు తోచనివాడిలా చెమటలు.

"ఈయన పడవకు తాడు కడుతున్నడు. అంతే. ఎంత నిమ్మళంగ ఉందో చూడండి" అంది, అరచేతంత బొమ్మ ఒకటి చూపిస్తూ.

"అది పైపైనండీ. అసలు సంగతి చెట్ల వెనకుంది. నల్లకోటు ఆవిడ కూర్చుంది, చూశారా?"

"ఎక్కడ?"

"కుడిపక్క, మసగ్గా. భర్త సముద్రం మీదికి వెళ్ళాడు. తిరిగి రాడని ఆవిడకి తెలుసు. ఆ భుజాల్లో ఎంత విరహం ఉందో."

నేను పట్టిన కుందేటికి ఆ మూడు కాళ్ళు కూడా లేవని అప్పటికి నాకు తెలియదు. స్రవంతి వంగి, కళ్ళు చికిలించి చూసింది.

"నాకైతే కనిపిస్తలేదు."

"అలవాటుండాలండీ" అన్నాను జాలిగా.

అప్పుడు బొమ్మలో ఆవిడ లేచింది. ఒళ్ళు విరుచుకుని, కాలువ నీళ్ళ మీదుగా నడిచి, గట్టు మీది ఆవులోంచి దూరి, ఫ్రేము దాటి వెళ్ళిపోయింది. నేను కెవ్వుమన్నాను.

వెనక్కి తిరిగితే, నల్ల యూనిఫాంలో మ్యూజియం కాపలా ఆవిడ, టీకని కుర్చీలోంచి లేచింది. అరవై ఏళ్ళుంటాయి. బొమ్మకి బిగించిన అద్దంలో ఆవిడ నీడ, నేను నిలబడ్డ చోటికి మాత్రమే కనిపించింది. స్రవంతి నవ్వాపుకుంటూ ఇంగ్లిషులో ఆవిడకి అంతా చెప్పేసింది, విరహంతో సహా.

"మా ఆయన ఇంట్లో టీవీ ముందున్నాడు. నా భుజాల్లో ఉన్నది కీళ్ళవాతం" అంది ఆవిడ. ఆ తర్వాత నా మొహం చూసి జాలిపడినట్టుంది. "ఇన్నేళ్ళలో ఈ గదిలోకొచ్చి నన్నింత శ్రద్ధగా చూసింది మీరొక్కరే."

మోచెయ్యి పట్టుకుని నన్ను రెండడుగులు పక్కకి జరిపింది. "ఇక్కణ్ణుంచి చూడండి. మాట్లాడకండి."

చూశాను. వంగిన వీపు, తాడు, నీళ్ళ కోసం రెండే గీతలు. ఆకాశమంతా గీయకుండా వదిలేసిన కాగితమే. ఏమీ జరగడం లేదు. అయినా చూపు మరల్చబుద్ధి కాలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను అయిదు నిమిషాలు నోరు మూసుకోవడం అదే మొదలు.

బయటికొచ్చాక నీరసంగా అడిగాను: "ఇంట్లో ఏం చెప్తారు?"

"అమ్మకు ఇప్పుడే మెసేజ్ పెట్టిన. పిలగాడు మాట్లాడనప్పుడు మంచిగనే ఉన్నడని."

మా పెళ్ళయి నాలుగేళ్ళు. ఆనాడే ఇష్టదైవం సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ బొమ్మలోనైనా ఎవరైనా విరహంతో కనిపిస్తే, వాళ్ళు లేచి టీకి వెళ్ళరని రూఢి చేసుకున్నాకే నోరు విప్పుతాను.