గంగారాం అన్న నాలుగు చుక్కలు

అద్దాలు తుడిచే మందు వాసన తగిలితే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. బహ్రెయిన్‌లో దిగిన నాటి నుంచీ నాది అదే పని, ఆ ఘాటు కొత్తేం కాదు. సిగ్గల్లా గంగారాం అన్న గుర్తొచ్చి.

ఆయనది జగిత్యాల వైపు. కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటరు. గుదైబియాలో ఆరుగురం ఉండే గదిలో ఆయన మంచం నా పక్కనే. ఈసా టౌన్‌లో ఒక టీచరమ్మ సామాన్లు అమ్ముకుని ఇండియా వెళ్లిపోతుంటే, పిల్లలు నేర్చుకునే చిన్న టెలిస్కోపు ఆయన కొని తెచ్చారు. "కుక్కరు తెస్తడనుకుంటే గీ గొట్టం తెచ్చిండు" అని గదంతా ఆటపట్టించింది. ఆయన పట్టించుకోలేదు. చేత్తో పట్టుకుంటే ఫోటో చెదురుతోందని ప్లైవుడ్ ముక్క కోసి, ఫోను కదలకుండా దానికి బిగించారు. మొదట చంద్రుణ్ణి తీశారు. "కాంక్రీటుల వైబ్రేటర్ సరిగ్గ పెట్టకుంటే గిట్లనే గుంతలు వడ్తయ్" అన్నారు.

తర్వాత గురుగ్రహం. రోజూ మగ్రిబ్ అజాన్ అయ్యాక, చీకటి పడగానే ఒక ఫోటో. పెద్ద చుక్క పక్కన వరుసగా నాలుగు చిన్న చుక్కలు, దాని చంద్రులట. ఒకరోజు మూడే ఉన్నాయి.

"నాలుగోది యాడికి వోయింది తమ్మీ?"

"ఫోన్ల కొడితే చెప్తది గదన్నా."

"చెప్తది. దానికెట్ల తెలిసిందో చెప్తదా?"

పెద్దదాని వెనక దాక్కుని వస్తోందని ఆయన అనుమానం. మర్నాడు నాలుగూ కనిపించాయి. ఒక్కసారికి నమ్మే మనిషి కాదు. వీసా రద్దు చేసుకుని ఇంటికి పోవడానికి పది రోజులుంది, గొట్టం లగేజీలో పట్టదు. ఈలోగా ఆ దాగుడుమూతలు మళ్లీ చూసి తేల్చుకోవాలని పంతం పట్టారు.

అక్కడే నా తెలివి తెల్లారింది. అన్నకు సాయం చేద్దామని డ్యూటీ నుంచి అద్దాల మందు తెచ్చి, దుమ్ము పట్టిన గొట్టం అద్దాన్ని ఆఫీసు కిటికీని రుద్దినట్టు గరుకు పీచుతో రుద్దాను. దుమ్ములోని ఇసుకకు అద్దం మీద గీతలు పడ్డాయి. ఆ సాయంత్రం ఫోటోలో పెద్ద చుక్క చుట్టూ తెల్లటి మసక, చిన్నవి ఒక్కటీ లేవు.

నేను నోరు విప్పలేదు. ఆయన నన్ను అనుమానించనూ లేదు. మూడు రోజులు డాబా ఎక్కి, "నాలుగుకు నాలుగూ పోయినయ్, గిట్లెట్లయితది?" అనుకుంటూ దిగారు. ఆయనకు అన్నం సయించలేదు. నాలుగో రోజు ఇక నా వల్ల కాలేదు. తిట్టినా కొట్టినా పడదామనుకుని మెట్ల మీదే చెప్పేశాను.

"నువ్వు రుద్దినవా?"

"రుద్దినన్నా. గీతలు వడ్డయ్."

"అయితే చుక్కలకేం గాలే?"

"ఏం గాలేదన్నా."

ఆయన ముఖం విప్పారింది. "గదే అనుకున్న, యాడికి వోతయ్" అంటూ నా భుజం పట్టుకుని మళ్లీ డాబా మీదికి నడిచారు. అంత సంతోషం చూసి నాకు ఏడుపొచ్చింది. నాలుగోది ఎక్కడికి పోయి వస్తోందో మాత్రం తేలలేదు. అలాగే విమానం ఎక్కారు.

గొట్టం నాకే వదిలి వెళ్లారు. గీతల మధ్య కూడా చంద్రుడు కనిపిస్తాడు. ఫోటో తీసి పంపుతుంటాను, బాగుందని ఆయన ఎప్పుడూ అనరు. మొన్న వాయిస్ మెసేజ్ పెట్టారు: "చంద్రుని మీద వెలుగుకూ చీకటికీ నడుమ ఉన్న గుంతలల్లనే నీడ ఎందుకు పొడుగుంటది తమ్మీ?"

ఇంకా జవాబు పంపలేదు. రోజూ డాబా ఎక్కి చంద్రుణ్ణి చూస్తున్నాను.