ముద్దనూరు దాటిన పచ్చ చుక్క

నిన్న సాయంత్రం మేడమీద బట్టలు తీస్తుంటే పక్కింటి కోడలు పిట్టగోడ మీదుగా ఫోన్ చాపి చూపించింది. తెరమీద జమ్మలమడుగు రోడ్డు, దానిమీద ఒక పచ్చ చుక్క. "అత్తా, సూడు, మా ఆయన డ్యూటీ దిగి వస్తాండాడు. ఇంగ రొట్టెలు మొదలుపెట్టచ్చు" అంది. చుక్క మెల్లగా మా ఊరివైపు జరుగుతోంది. "ఒకసారి ఫోన్ చేసి మాట్లాడమ్మా" అన్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసి నవ్వింది. "మాట్లాడేదేముందత్తా, కనపడతానే ఉండాడు కదా!" అంది. ఆ మాట నేను ఇదివరకు ఒకసారి విన్నాను. కిందికి దిగివచ్చి బట్టలు మడత పెట్టకుండానే చాలాసేపు కూర్చున్నాను.

నేను ప్రొద్దుటూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, అక్కడే తల నెరిసి రిటైరయినదాన్ని. ట్రంకు కాల్ బుక్ చేసి పొద్దంతా బెంచీమీద పడిగాపులు కాసే జనాన్ని చూశాను. కువైట్ నుంచి మొగుడి గొంతు వినపడగానే చెప్పాలనుకున్నదంతా మరిచిపోయి, డబ్బు కట్టిన మూడు నిమిషాలూ ఏడుపుతోనే సరిపెట్టిన ఆడవాళ్లను చూశాను. ఒకరి మాటలు వినకూడదని మాకు నియమం ఉండేది, కానీ చెవులకు తలుపులు లేవు కదా! లైను ఎంత పాడుగా ఉన్నా, గరగరలో మాట తెలియకపోయినా, అవతలి మనిషి ఊపిరి మాత్రం వినపడేది. బాగున్నానని నోటితో అంటున్నా, బాగులేడన్న సంగతి ఆ ఊపిరి చెప్పేసేది. నా తమ్ముడికి ఇదంతా చెబితే, "నీ కాలం అయిపోయిందక్కా, ఇంగ తీగెలు ల్యా, గరగరా ల్యా" అని వెక్కిరించేవాడు.

వాడు నాకంటే బాగా చిన్నవాడు. అమ్మ చంకలో కంటే నా చంకలోనే ఎక్కువ పెరిగాడు. మాది పులివెందుల పక్కన గొర్రెలు మేపిన ఇల్లు. వానలు లేని ఏడాది నాయన మందను తోలుకుని ఎక్కడెక్కడికో పోయి నెలల తర్వాత తిరిగొచ్చేవాడు. వస్తున్నాడని కబురు తెలిస్తే ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు చెంబునిండా అంబలి పట్టుకుని ఊరి పొలిమేర దాకా ఎదురు పోవాలి. దూరం నుంచి వచ్చే మనిషిని ఒంటరిగా ఇంటికి రానివ్వకూడదన్నది మా కట్టుబాటు. చిన్నప్పుడు నేను ఎన్నిసార్లు పోయానో! నాయన అంబలి తాగుతూ ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు. తాగి, మూతి తుడుచుకుని, నా మొహం చూసి అప్పుడు నవ్వేవాడు. అప్పటిదాకా ఆయన కళ్లు ఎక్కడో ఉండేవి.

తమ్ముడు కంప్యూటర్లు చదివి బెంగళూరులో ఉద్యోగం చేసి, కరోనా కాలంలో ల్యాప్‌టాప్‌తో పులివెందులకు వచ్చి, ఇక పోలేదు. పగలు చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, డ్రిప్పు పైపులు సర్దేవాడు, మిగతా సమయమంతా ఎవరికో వెబ్ పేజీలు తయారుచేసేవాడు. తెల్లారకముందే నిక్కరు వేసుకుని రోడ్డెక్కి ఉరికేవాడు. కొత్తలో దారినపోయేవాళ్లు బండి ఆపి, "ఏమప్పా, ఎవురు తరుముతాండారు?" అని నిజంగానే అడిగేవారట. మా నాయన నడకంతా వీడి పరుగులోకి వచ్చిందని నేను మురిసిపోయేదాన్ని. ఏ పనీ లేకుండా ఒంటిని అంత హింస పెట్టుకోవడం ఏమిటని తిట్టేదాన్ని కూడా.

ఆ రెండు పిచ్చులూ కలిసి పుట్టిందే వాడి పేజీ. "యాప్ కాదక్కా, ఉత్త పేజీ. లింకు నొక్కితే సాలు, ఉరికేటోడు యాడుండాడో అందురికీ తెలుస్తాది" అన్నాడు. సిగ్నల్ లేని చోట కూడా దారి గుర్తుపెట్టుకుంటుందట. ఇంట్లోవాళ్లకు తనంతట తానే తెలుగులో కబుర్లు రాసి పంపుతుందట. మొదటి కబురు నాకే వచ్చింది: "అక్కయ్య గారూ, మీ తమ్ముడు చక్కగా పరుగెడుతున్నారు." మా వంశంలో ఇంతవరకు నన్ను గారూ అని పిలిచినవాళ్లు లేరు. "ఇది యాడి పిల్లరా, ఇంత మర్యాదగా ఉంది?" అంటే పడీ పడీ నవ్వాడు.

శివరాత్రి పోయి ఎండలు ముదురుతున్న రోజుల్లో, పులివెందులలో మొదలుపెట్టి ముద్దనూరు, జమ్మలమడుగుల మీదుగా ప్రొద్దుటూరులో మా ఇంటిదాకా ఉరకాలనుకున్నాడు. బెంగళూరు స్నేహితులంతా ఆ పేజీలో చూస్తారు. "ఈసారి ఎవురూ ఎదురు రావద్దండక్కా. ఒకరు నీళ్లిచ్చినా, ఎనక బండొచ్చినా అది లెక్కకు రాదు" అన్నాడు. నాకు కోపమొచ్చింది. "ఎండకు నీకేమన్నా అయితే ఎవురికి తెలుస్తాదిరా?" అన్నాను. "నేను నిలబడిపోతే పేజీనే గంట కొడతాది. మీ అందరి ఫోన్లూ మోగుతాయి. గమ్మునుండు" అన్నాడు. నేను వద్దనే అన్నాను. నా మాట ఎవరు విన్నారు కనక!

ఆ రోజు పొద్దున పేజీ తెరిచి వంటింటి గట్టుమీద పెట్టుకున్నాను. చుక్క హాయిగా వస్తోంది. ఎండెక్కేకొద్దీ నెమ్మదించింది. ముద్దనూరు దగ్గర మరీ నత్తనడక అయింది. నేను పులివెందులకు ఫోన్ చేసి మరదలితో, "ఒకసారి వాడికి ఫోన్ చేసి మాట్లాడమ్మా" అన్నాను. "ఉరికేటప్పుడు ఫోనెత్తడు వదినా. కనపడతానే ఉండాడు కదా!" అంది. నిజమే, ముద్దనూరు దాటాక చుక్క ఉన్నట్టుండి పుంజుకుంది. పొద్దున చల్లపూట కంటే మిట్టమధ్యాహ్నం వేగంగా పోతోంది. "అక్కయ్య గారూ, అద్భుతమైన వేగం! ఇలాగే కొనసాగితే సాయంత్రానికి ముందే చేరుకుంటారు" అని కబురొచ్చింది. దానికింద బెంగళూరువాళ్ల చప్పట్ల బొమ్మలు వరుసగా వచ్చాయి. నేను మాత్రం పొయ్యి ఆర్పేసి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఆ ఎండలో గొర్రె కూడా తల దించుకుని నిలబడిపోతుంది, మనిషి ఎట్లా జోరందుకుంటాడు? జమ్మలమడుగు పండ్ల అంగళ్ల దగ్గర చుక్క ఆగింది. పరుగు మధ్యలో బజారులో నిలబడే రకం కాదు వాడు. గంట మోగేలోపే మళ్లీ కదిలింది. ఇక నావల్ల కాలేదు. వాడు తిడితే తిట్టనీ అనుకుని, కువైట్‌లో కార్లు నడిపి వచ్చిన ఎదురింటి ముస్లిం తమ్ముణ్ణి పిలిచి కారు తీయించాను.

ఊరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. ఎండకు తారు మెరుస్తోంది. ఫోన్ నా ఒళ్లో ఉంది. మేము అటు పోతున్నాం, చుక్క ఇటు వస్తోంది. "వచ్చినాడక్కా, ఆ మలుపు తిరిగితే వచ్చేసినట్లే" అన్నాడు అతను. మలుపు తిరిగాం. ఎవరూ లేరు. చుక్క ఇంకా దగ్గరికొచ్చింది, మా కారు ఉన్నచోటికే వచ్చింది, మామీదుగా దాటి ప్రొద్దుటూరువైపు పోయింది. అతను కారు ఆపేసి, "యా అల్లా, యాడక్కా మనిషి?" అన్నాడు. పట్టపగలు అంత భయం నేనెప్పుడూ ఎరగను. ఆ క్షణంలో మమ్మల్ని దాటిపోయింది చీనీకాయల మూటలు వేసుకున్న ఒక ట్రాక్టరు, అంతే. "తిప్పు తమ్ముడూ" అన్నాను.

ట్రాక్టరు తోలుతున్నది మా మేనమామ చిన్నకొడుకు. నన్ను చూసి ఇంజను ఆపి సంబరంగా దిగాడు. "ఏం వదినా, ఇట్లొచ్చినారు? సగం కాయ జమ్మలమడుగులో దించి నేను మీ ఇంటికే వస్తాండా" అంటూ, కాయలమీద కప్పిన తడి గోనెసంచి కిందినుంచి తమ్ముడి ఫోన్ తీశాడు. చల్లగా, చీనీ వాసనతో ఉంది. "ఫోన్ కాగిపోతాంది, ఆగిపోయేట్టుంది, అక్కకియ్యి, నేను ఎనకాల్నే వస్తాండానని చెప్పు అన్నాడు బావ."

"యాడ ఇచ్చినాడు?"

"ముద్దనూరు దాటినాంక. ఎక్కు బావా అంటే ఎక్కలేదు, నవ్వినాడు. మాట రవంత ముద్దముద్దగా వస్తాండె. అలిసిపోయినాడేమో అనుకుంటి."

"నీళ్లన్నా ఇచ్చినావా?"

"ఇస్తే వద్దన్నాడు వదినా. ఈపొద్దు ఎవురిచ్చినా తీసుకోకూడదంట కదా!"

ఆ మంచి మనిషిని నడిరోడ్డు మీద నోటికొచ్చినట్టు తిట్టాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తెలివిలో ఉండి ఉంటే వాడు పరుగు లెక్కంతా ఉన్న ఆ ఫోన్‌ను ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఇచ్చాడంటేనే వాడిలో ఏదో తప్పిపోయిందని ఆ పిల్లాడికి ఎట్లా తెలుస్తుంది?

మళ్లీ ముద్దనూరువైపు తిరిగి జమ్మలమడుగు దాటాక, శనగ కోసేసిన నల్లరేగడి చేల మధ్య, ఒక కల్వర్టు పక్కన కనపడ్డాడు. గోడ నీడలోకి సగం ఒరిగి ఉన్నాడు. బూట్లు విప్పి, గడపముందు పెట్టినట్టు పొందికగా పక్కన పెట్టుకున్నాడు. ఒంటిమీద చెమట చుక్క లేదు, పెనంలా కాలిపోతున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. "అబ్బీ, నేనురా, అక్కను" అని కుదిపాను. నాకేసి చూశాడు గానీ ఎవరో తెలియలేదు. "గొర్లు దాటినాయా?" అని అడిగాడు. వాడు పుట్టేసరికే మా మందలు అమ్మేశారు. జీవితంలో ఒక్క రోజు గొర్రె తోలి ఎరగడు.

కారులో వాడి తల నా ఒళ్లో ఉంది. ఉన్న నీళ్లన్నీ ఒంటిమీద గుమ్మరించి, కొంగుతో విసురుతూనే ఉన్నాను. వాడి ఫోన్ నా సంచిలో ఉందన్న సంగతే మరిచిపోయాను. నా ఫోన్ మోగింది: "అక్కయ్య గారూ, శుభవార్త! మీ తమ్ముడు ఇదివరకెన్నడూ లేనంత వేగంతో దూసుకెళ్తున్నారు." వెంటనే చప్పట్లు, పూలగుత్తులు. ఆపలేక, విసిరేయలేక ఏడుస్తూ కూర్చున్నాను. ఇంతలో మరదలు ఫోన్ చేసింది. "వదినా, ఇంగ ఇల్లు చేరినట్లే కదా? ఆయప్పకు సంగటి ముద్ద పెట్టు, ఆకలిమీదుంటాడు" అంది. నా జీవితమంతా ఒకరి మాట ఒకరికి చేర్చిన మనిషిని, ఆ పిల్లకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరు వాడి కనురెప్పలు ఎత్తి చూసి, "పడిపోయి ఎంతసేపైంది?" అని అడిగాడు. నేను ఎదురింటి తమ్ముడి మొహం చూశాను, అతను నా మొహం చూశాడు. "ఎవరూ చూడలేదా?" అన్నాడు డాక్టరు. పొద్దున్నుంచి పులివెందులలో పెళ్లాం చూస్తోంది, ప్రొద్దుటూరులో నేను చూస్తున్నాను, బెంగళూరులో ఊరంత జనం చూస్తున్నారు.

వాడు ఆ వారం దాటలేదు. ప్రాణం పోయిన సమయం ఆసుపత్రివాళ్లు చెప్పారు. ఆ సమయానికే మరదలు ఏటేటా దీపం పెడుతుంది, నేను కాదనను. నేను వెతుక్కునేది మాత్రం ముద్దనూరు దాటాక వాడొక్కడే ఎండలో గడిపిన పూటను. మేమంతా చప్పట్లు కొడుతున్న ఆ పూట వాడు ఎవరికోసం చుట్టూ చూశాడో, ఎవరిని పిలిచాడో నాకు తెలియదు. కాలం అందరికీ ఒక్కటే అంటారు గానీ, ఆ మధ్యాహ్నం మాకొకటి, వాడికొకటి నడిచింది. వాడి మధ్యాహ్నం ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు.