తోక తర్వాతే మొహం

పశువుల డాక్టరుకు జనం పెట్టిన పేరు తోక డాక్టరు. ఏ కొట్టంలో ఏది ఈనినా ఆయన మొదట పిల్ల తోక ఎత్తి చూసేవాడు. ముఖపరిచయం ఆ తర్వాతే. తోక కింద పేడ వచ్చే దారి లేకుండా పుట్టే పిల్లలు అరుదే. కాని అవీ మిగతావాటిలాగే లేచి నిలబడతాయి, ఆబగా పాలు తాగుతాయి. ఎత్తి చూడనివారికి సంగతి కడుపు ఉబ్బితే గాని తెలియదు. కనుక ఆ అలవాటుకు ఆధారం ఉంది. మర్యాదే లేదని ఆయన భార్య అభియోగం.

ఆమె తమ్ముడి డెయిరీలో మేలుజాతి ఆవు ఈనింది. చూడటానికి చుట్టాలందరూ చేరారు.

"ఏవండీ, ఇవాళొక్కరోజు మొహం చూసి బాగుందనండి. మా పిన్నులూ అత్తలూ ఉంటారు. వాళ్ళముందు ఆ తోక పని పెట్టుకోకండి."

ఆమెతో కాపురం చేయవలసిన మనిషి కనుక ఆయన తలూపాడు. దూడ నుదురు నిమిరాడు, కళ్ళను మెచ్చుకున్నాడు, కాఫీ తాగాడు. చేతులు దురద పెడుతుంటే జేబుల్లో దాచుకున్నాడు.

మర్నాడు బావమరిది ఫోన్ చేశాడు. "బావా, దూడ పాలు ముట్టట్లేదు. కడుపు డోలులా ఉంది. ఊరికే ముక్కుతోంది."

"పేడ వేసిందా?"

"వేసే ఉంటుంది. ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. నాతో సహా."

భార్యను వెంటబెట్టుకుని వెళ్ళి తోక ఎత్తాడు. కింద నున్నటి చర్మం తప్ప మరేమీ లేదు. ఆయన దూడ కడుపు మెల్లగా నొక్కి, ఆ చర్మం వైపే చూశాడు. అది ఉబ్బితే పేగు దగ్గరదాకా వచ్చినట్టు, కోసి దారి చేయవచ్చు. ఉబ్బకపోతే ఎక్కడో పైనే ఆగిపోయినట్టు, ఆశ తక్కువ. చర్మం కదలలేదు. మళ్ళీ నొక్కాడు. ఈసారి బుడగలా లేచింది.

"తోక పట్టుకోరా. కదిలావో, చూసుకో."

ఆ చోటు మొద్దుబారేలా సూది వేసి, కోసి, పేగు అంచు చర్మానికి కుట్టేలోపే లోపలి సరుకంతా బావమరిది ఇస్త్రీ చొక్కా మీదికి వచ్చింది.

"వచ్చింది! అక్కా, వచ్చింది!" అతను గంతులేశాడు.

"గంతులు తర్వాత. ముందు తోక పట్టుకో!"

కుట్లు పూర్తయ్యాక అతను అడిగాడు. "ఎందుకిలా పుట్టింది బావా?"

"వంశంలో ఉండొచ్చు. ఒక్క దూడను చూసి ఖాయంగా చెప్పలేను. దీన్ని మాత్రం సంతానానికి ఉంచకు."

"వంశమంటే ఆవుదేగా?"

"మీ వంశం సంగతి నాకేం తెలుసు? పెళ్ళిచూపుల్లో మొహమేగా చూపించారు."

"ఏవండీ!" అంది వెనక నుంచి భార్య.

దూడ బతికింది. ఆ డెయిరీలో మరో ఆవు ఈనిన రోజున డాక్టరు వెళ్ళేసరికి, బావమరిది కొత్త దూడ తోకను తెరలా ఎత్తి పట్టుకుని ఉన్నాడు. పిన్నులూ అత్తలూ వరుసగా వంగి చూస్తున్నారు.

"ముందు అది కానివ్వండి," అంది భార్య. "కాఫీ తర్వాత."